తాళంగుత్తి సారు

హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్‌లో ఏ కాలనీలోనైనా అడిగి చూడండి. కమ్యూనిటీ హాలుకు దారి చెప్పడానికి కాస్త తడబడతారేమో గానీ, తాళం ఎవరి దగ్గరుంటుందో మాత్రం ఠక్కున చెబుతారు. "సార్ దగ్గరుంటది." ఏ సారు అని అడక్కూడదు. ఆయన రిటైరైన టీచరు కావచ్చు, ఆర్టీసీ గుమాస్తా కావచ్చు, రక్షణ పరిశోధన సంస్థ ఆర్‌సీఐలో పదవీ విరమణ చేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాయన కావచ్చు.

ఆయనకు పదవి మీద ఆశ లేదు. ఆ సంగతి ఏడాదికోసారి జనరల్ బాడీ మీటింగులో ఆయనే చెబుతాడు. "నాకొద్దు బాబూ ఈ లొల్లి. షుగరుంది, బీపీ ఉంది. పిల్లగాండ్లు ముందుకు రావాలె." అంటూ గుత్తి తీసి టేబుల్ మీద పెడతాడు. పెట్టినట్టే పెడతాడు గానీ, చూపుడువేలు రింగులోంచి బయటికి రాదు.

ఆ గుత్తి చూడని ప్రభుత్వం లేదు. బడంగ్‌పేట్ గ్రామ పంచాయతీగా ఉన్నప్పుడు సర్పంచి వచ్చి హాలు తెరిపించుకునేవాడు. 2019లో కార్పొరేషన్ అయింది, 2020 జనవరిలో ఎన్నికలొచ్చి 32 డివిజన్లకు కార్పొరేటర్లు, పైన ఒక మేయరు వచ్చారు. అయిదేళ్ళు గడిచి వాళ్ళూ ఇళ్ళకు పోయారు. 2025 చివర్లో చుట్టుపక్కల ఊళ్ళతో పాటు జీహెచ్ఎంసీలో కలిసిపోయాం. ఆ రోజు సారు బోర్డు మీది ఊరి పేరు కింద సుద్దముక్కతో 'జీహెచ్ఎంసీ' అని రాయించాడు. పెయింటు వేయించలేదు. మళ్ళీ మారదని ఏం నమ్మకం?

హాలు అడగడానికి వెళ్ళినవాడికి ముందు ఇంటర్వ్యూ ఉంటుంది.

"ఏం ఫంక్షను?"

"హాఫ్ శారీ సార్, మా పెద్దపాపది."

"నాన్‌వెజ్జా?"

"అవును సార్."

"వెయ్యి ఎక్కువైతది. డీజే వద్దు. రాత్రి పది దాటితే మెయిన్ ఆఫ్ చేస్త. కుర్చీలు రెండొందలు, అండ్ల మూడు కుంటివి. మళ్ల అప్పజెప్పేటప్పుడు గా మూడే కుంటివుండాలె. నాలుగోది రావద్దు."

ఇదంతా రూళ్ళ రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కుతుంది. పెద్దదినానికి హాలు కావాలని ఎవరైనా ఏడుస్తూ వస్తే సారు కళ్ళలోనూ నీళ్ళు తిరుగుతాయి. అవి తిరుగుతుండగానే అడ్వాన్సు రసీదు చింపుతాడు.

ఒక మాట ఒప్పుకోవాలి, ఆయన డబ్బు తినడు. తింటే ఈపాటికి దింపేసేవాళ్ళం. రూపాయితో సహా లెక్క చూపించే మనిషిని ఏ కారణం చెప్పి తీసేస్తాం?

అయినా ఈసారి జనరల్ బాడీ మీటింగులో హాలు మేనేజరును పద్ధతి ప్రకారం ఎన్నుకుందామని యువకులు పట్టుబట్టారు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి లేచి, "ఆన్‌లైన్ బుకింగ్ పెడదాం అంకుల్. గోడకు క్యూఆర్ కోడ్ అంటిస్తే సరిపోతుంది" అన్నాడు.

"అంటించు బిడ్డా. బంతి మధ్యల బోరు మోటరు ఆగిపోతే నీ కోడు వచ్చి స్టార్టర్ నొక్కుతదా?"

అబ్బాయి కూర్చున్నాడు. ప్లాట్ల వ్యాపారం చేసే ఇంకొకాయనకు బాలాపూర్ గుర్తొచ్చింది. పొరుగునే ఉంది కదా! అక్కడి గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. వచ్చిన సొమ్ముతో ఊరి పనులు చేసుకుంటారు. మన హాలు నిర్వహణ కూడా అలాగే ఏటా వేలం వేస్తే సంఘానికి నిధి అవుతుందని ఆయన వాదన. జనం కొంచెం మొగ్గారు కూడా. సారు కళ్ళద్దాలు తుడుచుకుని, "లడ్డు పాడుకున్నోడు ఇంటికి తీస్కపోతడు. హాలు తీస్కపోతే మనం యాడ కూసుంటం?" అన్నాడు. అంతటితో వేలం ముగిసింది. నిజానికి ఆయన చెప్పింది వెటకారంగానే అయినా పాయింటు గట్టిదే. పాట పాడినవాడు పెట్టిన డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకుంటాడు? పెద్దపాప తండ్రి దగ్గరే.

చట్టం చదివిన ఒక వకీలు, 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు వేయమన్నదని గుర్తుచేశాడు. యువతకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి, తలా పదిహేను మంది. పాత 32 డివిజన్లకు లెక్కేస్తే 1,920 మంది! ఆ లెక్కన మన వార్డులో ఉండాల్సిన అరవై మందికే హాలు అప్పగిద్దామన్నాడు. అలాగైతే సారు వృద్ధుల్లోకి వస్తాడా, ప్రముఖుల్లోకి వస్తాడా అనే ప్రశ్న పుట్టింది. హాలు సంగతి మరిచి గంటసేపు దానిమీదే వాదించుకున్నారు. వృద్ధుల్లో వేస్తే తాను మీటింగులకే రానని సారు తేల్చిచెప్పాడు.

అప్పటిదాకా వెనక వరసలో ఉన్న పొదుపు సంఘం అక్క లేచింది.

"అందరి మాటలు మంచిగనే ఉన్నయి గానీ, దావత్ అయినంక బాత్రూంలు ఎవరు కడిగిపిస్తరు? పొద్దుగాల ఆరింటికి తాళం తీసి, ఊడ్చే ఆమెకు నీళ్ళు ఎవరు ఇడుస్తరు?"

సాఫ్ట్‌వేర్ అబ్బాయికి షిఫ్టు గుర్తొచ్చింది. ప్లాట్లాయనకు ఫోనొచ్చింది. వకీలు చట్టంలో ఆ సెక్షను లేదన్నాడు.

"మరి మీ సంఘమే తీసుకోరాదమ్మా?" అని ఎవరో అన్నారు.

"ఇయ్యుండ్రి. తీస్కుంటం. తాళాలు గూడ ఇయ్యాలె."

హాలంతా సారు వైపు చూసింది. సారు గుత్తి వైపు చూశాడు. తరవాత గొంతు సవరించుకుని, ఆడవాళ్ళకు పొద్దున్నే ఇంత కష్టం పెట్టడం కాలనీకి మర్యాద కాదని, షుగరున్నా బీపీ ఉన్నా ఈ ఒక్క ఏడాది తానే మోస్తానని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. రిజిస్టరు తెరిచి తీర్మానం తానే రాసుకున్నాడు: మేనేజరు ఎంపిక ఏకగ్రీవం. ఊడ్చే ఆమె జీతం అయిదు వందలు పెంచే విషయం వచ్చే మీటింగుకు వాయిదా.