నిద్రాభంజని: ‘ద వైర్’ మీద ఒక టీక

మూలం

“మొదటి నాలుగు ఎపిసోడ్లు ఓపిక పట్టు కాకా. ఐదోదాన్కెల్లి అదే నిన్ను పట్టుకుంటది.”

అవతారిక

మేరీల్యాండ్ రాష్ట్రం ఎలికాట్ సిటీలో కాపురముంటున్న మా అన్న కొడుకు, అబ్దుల్లాపూర్‌మెట్‌లో విజయవాడ హైవే హారన్లు వినపడే దూరంలో సోఫా మీద ఒరిగి ఉన్న నాతో, తనకు రాత్రీ నాకు పొద్దూ అయిన వేళ, ఫోనులో పలికిన వాక్యమిది. శాస్త్రగ్రంథానికి అనుబంధాలు నాలుగు చెప్పాలి కదా, చెబుతాను. విషయం: ‘ద వైర్’ అనే నేరకథా ధారావాహిక తన పేరుకు తగినదా కాదా అన్నది. ప్రయోజనం: చూడాలో వద్దో తేలడం. అధికారి: రాత్రి పదకొండు దాటాక రిమోట్ చేతికి దక్కినవాడు. సంబంధం: చెప్పినవాడు అన్న కొడుకు కనుక రక్తసంబంధం.

ధారావాహిక వృత్తాంతం కొంచెం. 2002 జూన్‌లో హెచ్‌బీవోలో మొదలైంది, 2008 మార్చిలో ముగిసింది. ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు. కర్త డేవిడ్ సైమన్, బాల్టిమోర్ పత్రికలో నేరవార్తలు రాసినవాడు. తోడు రాసిన ఎడ్ బర్న్స్ అదే ఊళ్లో హత్యకేసుల డిటెక్టివు, తర్వాత బడిపంతులు. ఒక్క ఎమ్మీ బహుమతీ రాలేదు. అయినా టీవీ కోసం తీసినవాటిలో దీన్ని మించినది లేదనేవాళ్లు ఖండఖండాల్లో ఉన్నారు. వాళ్లలో మావాడొకడు.

కాళిదాస వ్యాఖ్యాత మల్లినాథ సూరి మన మెదక్ జిల్లా కొల్చారంవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. కాళిదాసు దొరికాడు కనుక ఆయనకు చెల్లింది. నాకు దొరికింది ఫోను మాట. రెండు నియమాలూ తప్పుతాను.

ప్రతిపదార్థం

కాకా = తండ్రికి తమ్ముడవైన ఓయీ; మొదటి నాలుగు ఎపిసోడ్లు = ఇంచుమించు నాలుగు గంటలు; ఓపిక పట్టు = చేతిలో సెల్లు తీయకుము, మధ్యలో చాయ్‌కి లేవకుము, “ఈయనెవరు, ఇందాకటాయనేనా” అని ఇంట్లోవాళ్లను వేధింపకుము; ఐదోదాన్కెల్లి = ఐదవదాని నుండి; అదే = ఆ ధారావాహికయే, నీ ప్రయత్నమేమియు లేకుండ; నిన్ను = దేనినీ చివరిదాకా చూసి ఎరుగని నిన్ను; పట్టుకుంటది = విడువదు.

వ్యాకరణ విశేషం: పంచమికి వలన, కంటె, పట్టి అని మూడే ప్రత్యయాలు చెప్పి చిన్నయసూరి ఊరుకున్నాడు. మద్రాసులో కూర్చున్నాయనకు మా ‘కెల్లి’ వినపడలేదు. ఇక ‘ఓపిక పట్టు’, ‘పట్టుకుంటది’ అన్నచోట పట్టు రెండుసార్లు పడింది. అర్థం మారింది కనుక యమకమని ఒక పక్షం, ధాతువొక్కటే కనుక కాదని మరొక పక్షం. నిద్రపోయేవాడికి రెండూ ఒకటే.

పూర్వపక్షం

దీన్ని నడిపినవాడు మా పక్కింటాయన. అనాజ్‌పూర్ ఫిల్మ్‌సిటీలో ప్లాస్టర్ అచ్చుల పని చేస్తాడు. 1666 ఎకరాల ఆ లోకంలో బోర్డు మారిస్తే కోర్టు ఆసుపత్రి అవుతుంది, ఆసుపత్రి ఠాణా అవుతుంది. అలాంటి ఠాణాలు ఎన్నో పోతపోసిన చెయ్యి ఆయనది. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నీ మధుబాబు షాడోనీ తెచ్చుకొని నమిలి మింగినవాడు. ఈటీవీలో ‘అన్వేషిత’ వచ్చే రాత్రుళ్లు యమున, అచ్యుత్‌లు ఏ తలుపు తీస్తే ఏం కనపడుతుందోనని దుప్పటి కప్పుకొని చూసినవాడు. ఆయన ఆక్షేపం ఇది:

“సంపిందెవడో మొదటి దాంట్లనే తెలిసిపాయె. సాక్షి మాట మార్చిండు, వాడు కోర్టుల నుంచి ఇడుదలై ఇంటికి పాయె. ఇంక 60 ఎందుకన్నా? పైగా మ్యూజిక్కే లేదు.”

మ్యూజిక్కు సంగతి నిజమే. మనకు అత్తగారు తల తిప్పితే మూడుసార్లు ఉరుముతుంది. ఇక్కడ సన్నివేశంలో రేడియో మోగుతుంటేనో, కారులో పాట పెడితేనో తప్ప దాదాపు వాద్యం వినపడదు. ఎక్కడ భయపడాలో ఎవరూ చెప్పరు. ఎపిసోడు కూడా కొండ అంచున ఆగదు, షిఫ్టు అయిపోయిన గుమాస్తాలా లేచి వెళ్లిపోతుంది.

‘ఎవరు చంపారు’ అనే ప్రశ్నకు కథల్లో ఆదిగురువుగా చెప్పుకొనే ఎడ్గార్ ఎలన్ పో సమాధి బాల్టిమోర్‌లోనే ఉంది. ‘రూ మార్గ్ హత్యలు’ 1841లో రాశాడు, 1849లో ఆ ఊళ్లో పోయాడు. ఆయన పడుకున్న ఊరి గురించే తీస్తూ ఆయన ప్రశ్నను మొదటి గంటలోనే పక్కన పెట్టేశారు. పక్కింటాయన కోపం నాకర్థమైంది. మొదటి మూడు ఎపిసోడ్లకూ నేనూ ఆయన పక్షమే. మూడోది చూస్తూ ఒకసారి నిద్రపోయాను కూడా.

పాఠవిచారం

అసలు గొడవ నాలుగోదానితో వచ్చింది. అది మొదలవడమే ఒక బల్లతో మొదలవుతుంది. పోలీసుల కొత్త గదికి తెస్తున్న పాత బల్ల గుమ్మంలో ఇరుక్కుంది. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, ఇంకొకరు, అందరూ చెమటలు కక్కుతూ తోస్తుంటారు. అంగుళం కదలదు. చివరికి ఒకడు, ఇట్లయితే ఇది లోపలికి పోయేటట్టు లేదని విసుక్కుంటాడు. లోపలికా, అంటాడు అవతలివాడు. ఇన్నాళ్ల సర్కారు పనికి ఇంతకంటే పొట్టి నిర్వచనం నేను చూడలేదు. పక్కింటాయన రిమోట్ లాక్కొని వెనక్కి తిప్పాడు, రెండుసార్లు.

అదే ఎపిసోడులో ఇంకొకటి. ఇద్దరు డిటెక్టివులు పాత హత్య జరిగిన వంటింట్లో నాలుగైదు నిమిషాలు వెతుకుతారు. టేపు పెట్టి కొలుస్తారు, ఫోటోలు నేల మీద పరుస్తారు. తూటా ఫ్రిజ్ తలుపులో దొరుకుతుంది, దాని తొడుగు బయట మట్టిలో. అంతసేపూ ఇద్దరూ పలికేది ఒక్కటే బూతుమాట, దాని రూపభేదాలు. అభిధలో అది ఏమిటో అందరికీ తెలుసు. కానీ ఒకసారి విస్మయం, ఒకసారి జాలి, ఒకసారి ‘ఛ, ఇంత తేలికా’, ఒకసారి కొలత తప్పిందన్న విసుగు. ఒకే ధాతువుతో ఇన్ని వ్యంగ్యార్థాలు పలికించడం ఆలంకారికులకు ఉదాహరణగా పనికొచ్చేదే, సభలో చెప్పలేం గానీ.

కాబట్టి ‘ఐదోదాన్కెల్లి’ అన్నది అపపాఠం. ‘నాలుగోదాన్కెల్లి’ అని దిద్దుకోవాలి. మావాడు ఉద్యోగం నుంచి అలసి వచ్చి చూశాడేమో, ఒక గంట ఆలస్యంగా పట్టుబడ్డాడు.

సిద్ధాంతం

ఈ ధారావాహికకు వచ్చిన పొగడ్తలో సగం తప్పు దారి పట్టిస్తుంది. ఊపిరి బిగపట్టించే నేరకథ అనుకొని కూర్చుంటే మోసపోతాం. ఇది ఆఫీసుల కథ. గదిలో తెల్లబోర్డు మీద తేలని హత్య ఎర్ర సిరాలో, తేలిన హత్య నల్ల సిరాలో ఉంటుంది. పైవాళ్లకు కావలసింది బోర్డు నల్లబడటం. అవతల మాదకద్రవ్యాల ముఠాలో రెండో పెద్ద సాయంత్రం కాలేజీలో అర్థశాస్త్రం చదివి, వీధిమూల కుర్రాళ్లకు మీటింగు మర్యాదలు నేర్పుతుంటాడు. ప్రతి సీజనుకూ ఒక కొత్త ఆఫీసు: ఓడరేవు, మునిసిపల్ రాజకీయం, బడి, పత్రిక. ఎక్కడా ఒక్కడు దుర్మార్గుడు కాడు, అందరూ తలో వైపు నుంచి బల్ల తోస్తుంటారు.

ఇక్కడ హాస్యం ఆపాలి. 2019 నవంబర్ 4న మా మండల తహసీల్దారును ఆమె కార్యాలయంలోనే, పట్టపగలు, భూమి తగాదాలో ఉన్న ఒక రైతు పెట్రోలు పోసి తగలబెట్టాడు. ఆమె అక్కడే ప్రాణం విడిచింది. కాపాడబోయిన డ్రైవరు కాలిన గాయాలతో పోయాడు. నిప్పు పెట్టినవాడూ కొన్నాళ్లకు పోయాడు. అప్పటికి ఈ మండలం ఏర్పడి మూడేళ్లు. ఎవరు చేశారన్న ప్రశ్న అక్కడ లేదు, ఊరంతటికీ తెలుసు. టీవీలన్నీ రోజంతా చూపింది ఆ మంటనే. ఒక పాసుపుస్తకం, ఒక పాత కౌలు, ఒక కోర్టు కాగితం ఏ బల్ల మీది నుంచి ఏ బల్ల మీదికి పోయి అక్కడిదాకా వచ్చాయో చెప్పాలంటే 13 గంటలు కావాలి, ఒక్కో ఎపిసోడూ మెల్లగా నడవాలి. మరుసటి ఏడు గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది, ధరణి పోర్టలు వచ్చింది. 2025లో దాని చోట భూభారతి వచ్చింది. ‘ద వైర్’ చూసినవాడు ఈ వరుసను వార్తలా కాక సీజన్లలా చదువుతాడు. నేను అలాగే చదివాను, అందుకు సంతోషమేమీ లేదు.

శేషాక్షేపాలు

స్త్రీ పాత్రలు తక్కువ, ఉన్నవాటిలోనూ కీమా అనే డిటెక్టివును తీసేస్తే చాలావరకు పలచన. బాల్టిమోర్ వీధి ఇంగ్లిషుకు కూడా వాళ్ల ‘కెల్లి’లు వాళ్లకున్నాయి, అక్షరాలు లేకుండా చూడటం సాహసం. పెద్ద తప్పు ఐదో సీజనులో ఉంది. పోలీసులకు డబ్బు రాబట్టడానికి ఒక డిటెక్టివు దిక్కులేని శవాలతో లేని హంతకుణ్ణి సృష్టిస్తాడు. యాభై గంటలు పొరపాటున కూడా గొంతు పెంచని కథ ఇక్కడికి వచ్చేసరికి మన సీరియల్ అవుతుంది. పత్రికాఫీసు భాగంలో మాజీ విలేకరి పాత కక్ష వాసన వేస్తుంది. పక్కింటాయనకు మాత్రం మొత్తంలో ఆ సీజనే నచ్చింది.

నిర్ణయం: 60లో 50 పేరుకు తగ్గవే, చివరి 10 తగవు. నాలుగో సీజను, బడిపిల్లలది, పేరుకు మించినది.

ఫలశ్రుతి వద్దు. చూడదలచినవాళ్లు కింద అక్షరాలు పెట్టుకోండి, నాలుగోదాని దాకా ఓపిక పట్టండి, బల్ల సీను వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్లుంటే పిలవండి.