సకుటుంబ రత్నాల వేట: విశాఖవాసులకు కొన్ని చిట్కాలు

ఉక్కు కర్మాగారానికే సొంత ఇనుప గని లేని ఊరు మనది. బైలదిల్లా కొండల్లోంచి ఖనిజం రైలెక్కి దిగిరావాల్సిందే. 1933లో రేవు తెరిచింది కూడా ముఖ్యంగా మధ్య పరగణాల మాంగనీసును ఓడలకెక్కించడానికే. తొంభై ఏళ్లుగా ఎవరెవరివో ఖనిజాలు మన కళ్లముందే పోతున్నాయి. కాబట్టి ఈ సెలవుల్లో మీ కుటుంబానికంటూ ఓ గొయ్యి ఉండాలని మీరు కోరుకుంటే అందులో అత్యాశ ఏమీ లేదు.

డాలస్‌లో ఉన్న అన్నయ్యగారబ్బాయి ఫొటోలు పంపే ఉంటాడు. ఆర్కాన్సాలో 1972 నుంచి ప్రభుత్వమే ఓ వజ్రాల పార్కు నడుపుతోంది. టికెట్ కొని దున్నిన నేలలో వెతుక్కోవచ్చు, దొరికింది దొరికినవాళ్లదే. మనకలాంటిది లేదే అని దిగులుపడకండి. విశాఖ చుట్టుపక్కల టికెట్ గని లేకపోవచ్చు గానీ, టికెట్ డబ్బులు తీసుకునేవాళ్లకు కొదవ లేదు.

పిల్లల్ని మాత్రం బీచ్‌కి తీసుకెళ్లకండి, ఉన్న సరదా చచ్చిపోతుంది. భీమిలి దారిలో అల వెనక్కి వెళ్లినప్పుడు తడి ఇసుక మీద ముదురు ఎరుపు చారలు కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే పంచదార పలుకుల్లాంటి గార్నెట్ రేణువులు, వాటి పక్కనే నల్లటి ఇల్మనైటు. బలమైన అయస్కాంతం ఇస్తే గుంటలు నల్లదాన్ని వేరుచేస్తూ సాయంత్రం దాకా ఆడుకుంటారు. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే పనికిరాదు. కైలాసగిరి, సింహాచలం కొండలు ఖొండలైటు రాయివి. ఖోందు గిరిజనుల పేరు మీద వాకర్ అనే భూగర్భశాస్త్రవేత్త 1902లో పెట్టిన పేరది. ఆ రాయిలో గార్నెట్ మామూలే. మీ ప్రహరీ గోడ రాళ్లలో ఎర్రటి చుక్కలు కనబడితే ఇంట్లో చెప్పకండి, ప్రయాణం ఆగిపోతుంది.

అసలు వెళ్లాల్సింది నర్సీపట్నం వైపు. తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి, గొలుగొండ మండలంలో కరక కొండల దిక్కుగా పోవాలి. 2022లో అది అనకాపల్లి జిల్లా అయింది గానీ, కొండలో వైడూర్యం, అలెగ్జాండ్రైటు ఉన్నాయన్న సంగతి మారలేదు. అది రిజర్వు ఫారెస్టన్న సంగతీ మారలేదు. చెట్లుంటే నీడ ఉంటుంది, కుటుంబాలకు అదే అనుకూలం.

మధ్యవర్తిని టీ కొట్టు దగ్గరే మాట్లాడుకోండి. "ఏటి బాబూ, ఫేమిలీతో ఒచ్చినారా? ఏటీ భయం నేదు, అందరూ మనోళ్లే" అంటాడు. ఆ "అందరూ" ఎవరని అడగొద్దు. ఎంట్రీ ఫీజు తలకింతని తీసుకుంటాడు, అత్తగారికి సగం తగ్గించమని బేరం ఆడండి. రసీదు తప్పకుండా రాయించుకోండి, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిస్తాడు. ఫారెస్టు గార్డు వచ్చినప్పుడు చూపించాల్సింది అదే. అనుమతి లేకుండా తవ్వితే గనుల చట్టం ప్రకారం 5 ఏళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల దాకా జరిమానా. మనం తవ్వేది నాలుగు గజాలే కాబట్టి జరిమానా వందల్లోనే తేలుతుందని మీ బావమరిది లెక్క కట్టి చెబుతాడు. జైలు సంగతి ఆ లెక్కలో ఉండదు. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి బావమరిది ఒకడుంటాడు, డ్రైవింగ్ అతనికే అప్పగించండి.

గునపం, పార, తట్ట, జల్లెడ, పులిహోర మర్చిపోకండి. పెద్ద వాన పడ్డ మర్నాడే బయల్దేరండి, నేల మెత్తగా ఉంటుంది. నిట్టనిలువుగా తవ్వుకుపోయి అక్కణ్ణుంచి పక్కకు సొరంగం తిప్పండి. పైకప్పుకు కర్రలు దన్ను పెట్టడం చాదస్తం. ఆ కొండల గోతుల్లో మట్టి విరిగిపడి కూలీలు చనిపోయిన వార్తలు జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో వచ్చాయి. మీరు సినిమా పేజీ చదువుతారు కాబట్టి ఇబ్బంది లేదు. రోజు కూలికి ప్రాణం పణంగా పెట్టి అందులోకి దిగినవాడికి రాయి ధర ఎంతో తెలియదు. తెలిసినవాడు గోతిలోకి దిగడు, ఆ రాళ్లు సానపట్టే జైపూర్ దారి అతనికి తెలుసు. ఈ ముక్క పిల్లల ముందు అనకండి, చదువు మీద లేనిపోని గౌరవం పెరుగుతుంది.

రాయి దొరికిందనుకోండి, పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు గాజు మీద గీయండి. గీత పడితే రత్నమే. మామూలు పలుగురాయి కూడా గాజును గీస్తుంది, అయితే ఏం, రెండు రత్నాలు దొరికినట్టు. తర్వాత సుత్తితో ఒక్కటి వేయండి. పగిలితే నకిలీ. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు, దెబ్బ తగిలే చోట తగిలితే వజ్రమే చీలిపోతుందని జియాలజీ మేష్టార్లు అంటారు. ఆ డిపార్ట్‌మెంటు ఆంధ్రా యూనివర్సిటీలో, మన ఊళ్లోనే ఉంది. అందుకే ఆ గేటు వైపు వెళ్లొద్దంటున్నాను.

వైడూర్యంలో పిల్లికన్ను గీత రావాలంటే సరైన దిక్కు చూసి, పైభాగం గుండ్రంగా వచ్చేలా సానపట్టాలి. ముడి రాయి మురికి గులకలాగే ఉంటుంది. మీరు మెరిసేదే ఏరుకోండి, మురికిగా ఉన్నది మధ్యవర్తికి వదిలేయండి. పాపం, ఎండనపడి వచ్చాడు.

ఏమీ దొరక్కపోతే ఉత్త చేతులతో తిరిగి రాకండి. చీకటి పడ్డాక అతనే జేబులోంచి పొట్లం తీస్తాడు. అలెగ్జాండ్రైటు పగటి వెలుగులో పచ్చగా, పాతకాలం బల్బు కింద ఎర్రగా కనబడుతుంది. అతని రాయీ రంగు మారుతుంది. అలా రంగు మారే కృత్రిమ నీలాలు కారుచౌకగా తయారవుతున్నాయని ఎవరో అంటారు, వినిపించుకోకండి. ల్యాబు సర్టిఫికెట్ అడిగితే అతను నొచ్చుకుంటాడు. కేతు దశ నడుస్తోందని చెబితే వైడూర్యం కూడా ఉందంటాడు, రాహువన్నా గోమేధికం తీస్తాడు. శని ఒక్కటి చెప్పి చూడండి, నీలం పొట్లం వేరే జేబులో ఉంటుంది.

ఇంతా విన్నాక ఎవరో ఒకరు మధ్యప్రదేశ్‌లోని పన్నా సంగతి ఎత్తుతారు. అక్కడ 8 మీటర్లకు 8 మీటర్ల ముక్కను 200 రూపాయలకే ప్రభుత్వం తవ్వుకోనిచ్చేదట. దొరికిన వజ్రాన్ని వజ్రాల ఆఫీసులో అప్పగిస్తే తూకం వేసి, వేలం పెట్టి, రాయల్టీ, పన్నులు మినహాయించి మిగతా డబ్బు తవ్వినవాడికే ఇస్తారు. ఇన్ని కాగితాల మధ్య పిక్నిక్ ఏం బాగుంటుంది? పైగా పన్నా చేరేసరికి పులిహోర పాడైపోతుంది.