తూటాలు ఇంట్లో ఉన్నాయా? ఈ సలహాలు మాత్రం వినకండి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో కొందరు తుపాకీ కూడా కొంటున్నారు. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లలో దొంగలు పడ్డారన్న కబురు ఒక్కటి చాలు, ఆ వారం పార్టీలో మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఏ తుపాకీ కొనాలి, ఏ షూటింగ్ రేంజ్‌లో నేర్చుకోవాలి అన్నది అందరూ అడుగుతారు. తూటాలు ఎక్కడ పెట్టాలన్నది ఎవరో ఒకరు చెబుతారు, మిగతావాళ్లు తలూపుతారు. అలా చేతులు మారే సలహాల్లో చాలావరకు తప్పులే. తరచుగా వినిపించేవి కొన్ని ఇక్కడ ఇస్తున్నాను. ఎందుకు వినకూడదో, వాటికి బదులు తక్కువ ఖర్చుతో ఏం చేయాలో కూడా చెబుతాను.

1. “క్లోజెట్‌లో పై అరలో పెట్టండి, పిల్లలకు అందవు.”

అందుతాయి. కుర్చీ వేసుకుంటారు. చీరల మధ్య, బియ్యం డబ్బా వెనక, దేవుడి గదిలో సొరుగులో అంటూ చెప్పే చోట్లన్నీ ఇలాంటివే. చాక్లెట్లు ఎక్కడ దాచారో, పుట్టినరోజు బహుమతి ఎక్కడ పెట్టారో ముందే కనిపెట్టే పిల్లలకు ఇదీ తెలుస్తుంది. పైగా ఇంట్లో మీ పిల్లలే ఉండరు. పార్టీకి వచ్చిన పిల్లలంతా మేడ మీద దాగుడుమూతలు ఆడేది ఆ క్లోజెట్లలోనే. ఎంత బాగా దాచినా తాళానికి సాటిరాదు.

2. “తుపాకీకి తాళం వేశాం కదా, తూటాలకు మళ్లీ ఎందుకు?”

2005లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు జాగ్రత్తలను విడివిడిగా పరిశీలించింది: తుపాకీకి తాళం వేయడం, అందులో తూటాలు లేకుండా ఉంచడం, తూటాలను వేరే చోట పెట్టడం, వాటికీ తాళం వేయడం. వీటిలో ఏ ఒక్కటి పాటించిన ఇళ్లలోనైనా పిల్లల ఆత్మహత్యలు, ప్రమాదవశాత్తు కాల్పులు తక్కువగా కనిపించాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా తుపాకీ, తూటాలు వేర్వేరు తాళాల్లో ఉండాలనే చెబుతోంది. రెండో తాళం దండగ ఖర్చు కాదు. మొదటిది ఏదో ఒక రోజు వేయడం మరిచిపోతే కాపాడేది అదే.

3. “మావాడు బుద్ధిమంతుడు, ముట్టుకోడు.”

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలకూ దిగులు ఉంటుంది. కాలేజీ అడ్మిషన్ రాలేదనో, స్నేహితులు దూరం పెట్టారనో కుంగిపోయిన పిల్లవాడు తీసుకునే నిర్ణయం ఒక్కోసారి నిమిషాల్లో జరిగిపోతుంది. తాళం ఆ నిమిషాలను దాటిస్తుంది. 2020 నుంచి అమెరికాలో 1–19 ఏళ్ల వాళ్ల మరణాలకు మొదటి కారణం తుపాకీయే.

మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబర్ 30న ఒక 15 ఏళ్ల విద్యార్థి కాల్పులు జరిపి నలుగురు తోటి విద్యార్థులను చంపాడు. ఆ తుపాకీ తండ్రి కొన్నది. దాన్ని కొడుక్కి అందకుండా పెట్టలేదన్నది తల్లిదండ్రుల మీద ప్రధాన ఆరోపణల్లో ఒకటి. 2024లో ఆ ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలుశిక్ష పడింది. టెక్సస్‌లోనూ తూటాలు నింపిన తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే, నిర్లక్ష్యం చేసిన పెద్దవాళ్ల మీద కేసు పెట్టవచ్చు.

ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే తుపాకీ, తూటాలు రెండూ కొన్నాళ్లు ఇంటి బయట ఉంచండి. కొన్ని గన్ షాపులు, పోలీస్ స్టేషన్లు తాత్కాలికంగా భద్రపరుస్తాయి. మాట్లాడడానికి 988 హెల్ప్‌లైన్‌కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

4. “పాత బిస్కెట్ డబ్బా చాలు, అన్నీ అందులో వేసేయండి.”

మనిళ్లలో నీలం రంగు బిస్కెట్ డబ్బా సూదులకు, దారాలకు, గుండీలకు. ఇంటికి వచ్చిన అమ్మమ్మ గుండీ కోసం తెరుస్తుంది, మనవడు బిస్కెట్ల కోసం తెరుస్తాడు. ఆ డబ్బాకు తాళం లేదు.

రకరకాల తూటాలు కలిసిపోవడం ఇంకో ప్రమాదం. షాట్‌గన్ సంగతే చూడండి. 20-గేజ్ తూటా 12-గేజ్ తూటాకన్నా సన్నం. పొరపాటున 12-గేజ్ తుపాకీలో పెడితే అది గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. తెరిచి చూస్తే తుపాకీ ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక అసలు తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది. ఈ పొరపాటు జరగకూడదనే 20-గేజ్ తూటాలను పసుపు రంగులో చేస్తారు. అందుకే తూటాలను కంపెనీ అట్టపెట్టెలోంచి విడదీయకండి. రకం, సైజు, లాట్ నంబర్ దాని మీదే ఉంటాయి. కంపెనీ లోపం ఉందని వెనక్కి పిలిచినప్పుడు సరిచూసుకోవాల్సింది ఆ నంబరే.

5. “గరాజ్‌లోనో అట్టిక్‌లోనో పడేయండి.”

డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్ ఎండల్లో అట్టిక్ ఎంత కాగుతుందో ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి ఎక్కినవాళ్లకు తెలుసు. ఆ వేడికి తూటాలు వాటంతట అవి పేలవు. కానీ ఏళ్ల తరబడి అలా కాగితే మందు చెడుతుంది. పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ తేమ పట్టి ఇత్తడికి చిలుము, ఇనుముకు తుప్పు వస్తాయి. గరాజ్‌లోనైతే పెయింటు, పెట్రోలు, వాటర్ హీటర్ పక్కపక్కనే ఉంటాయి. ఇల్లు అంటుకుంటే తూటాలు పగిలి ముక్కలు చిమ్ముతాయి. అలా జరిగితే మీరు బయటికి వచ్చేసి, లోపల తూటాలున్న గది ఏదో ఫైర్ సిబ్బందికి చెప్పండి. మామూలు రోజుల్లో మాత్రం వాటి చోటు ఏసీ నడిచే గదే.

6. “కాస్త నూనె రాస్తే తుప్పు పట్టదు.”

తూటా అడుగున ప్రైమర్ ఉంటుంది. సన్నటి సందుల్లోకి పాకే నూనెలు దాన్ని పాడుచేయగలవు. తూటా పొడిగా ఉంటే చాలు. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాల్లాంటివే పెద్ద సైజువి కొద్ది డాలర్లకు దొరుకుతాయి.

7. “రేంజ్ బ్యాగ్‌లోనే ఉంచండి, మళ్లీ వెళ్లినప్పుడు పనికొస్తాయి.”

అదే బ్యాగ్ హడావుడిలో ఇండియా ప్రయాణానికి సర్దుతారు. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో ఒక్క తూటా కనిపించినా చాలు. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటా దగ్గర ఉంచుకోవడం ఆయుధాల చట్టం కింద నేరం. మరిచిపోయానని చెప్పినా ముందు కేసు, తర్వాత కోర్టు. విమానం ఎటూ తప్పిపోతుంది. రేంజ్‌కు వాడే బ్యాగ్‌ను ప్రయాణానికి ఎన్నడూ వాడకండి. ఇంటికి రాగానే జేబులు, అరలు అన్నీ దులిపి తూటాలను పెట్టెలోకి చేర్చండి.

8. “పాడైనవి చెత్తబుట్టలో వేసేయండి.”

చెత్తబండిలో నలిగి అక్కడి పనివాళ్లకు దెబ్బ తగలవచ్చు. పోలీసుల అత్యవసరం కాని నంబరుకు ఫోన్ చేసి, ఎక్కడ అప్పగించాలో కనుక్కోండి. చాలా రేంజ్‌లూ తీసుకుంటాయి.

మరి చవకగా, భద్రంగా ఎలా?

రబ్బరు అంచు ఉన్న సైన్యపు పాత ఇనుప డబ్బా సుమారు 20 డాలర్లకు దొరుకుతుంది. తాళం పడే ఏర్పాటు ఉన్నదే చూసి కొనండి. కంపెనీ అట్టపెట్టెలు, ఒక సిలికా జెల్ సంచి, పైన రకం రాసిన చీటీ, మంచి తాళం అయితే సరిపోతాయి. దాన్ని తుపాకీ లేని గదిలో పెట్టండి. తుపాకీకి వేసే కేబుల్ తాళం ‘ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్’ కార్యక్రమం ద్వారా చాలా పోలీస్ స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు. తాళంచెవి గోడకున్న కొక్కేనికి తగిలించవద్దు. నంబరు తాళమైతే పిల్లల పుట్టినరోజు, పెళ్లిరోజు, ఫోన్ పిన్ పెట్టవద్దు. ఆత్మరక్షణకు ఒక తుపాకీ సిద్ధంగా ఉంచుకోవాలని నిర్ణయించుకుంటే, వేలిముద్రతోనో నంబరుతోనో చప్పున తెరుచుకునే పెట్టె కొని మంచానికో గోడకో బిగించండి. దిండు కిందా సొరుగులోనూ వద్దు.

ఆ పెట్టె కాకుండా మిగతా ఖర్చంతా నలుగురు బయట భోంచేసిన బిల్లుకు మించదు. ఈ వారాంతంలోనే ఆ పని చేయండి. మీ పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంటివాళ్లను కూడా “మీ ఇంట్లో తుపాకీ ఉందా, తూటాలకు తాళం ఉందా?” అని మొహమాటపడకుండా అడగండి. అలా అడిగితే నొచ్చుకునేవాళ్ల ఇంటికి పిల్లల్ని పంపకండి.