సదస్సు ముగిసింది, ఇక స్టడీ అవర్

మొన్న అక్టోబరు 10న మా అమ్మాయి చదివే జూనియర్ కాలేజీ నుంచి వాట్సాప్‌లో పిలుపు వచ్చింది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవమట, ఒత్తిడి మీద అవగాహన సదస్సట, తల్లిదండ్రులు తప్పక రావాలట. వస్తూ వస్తూ రెండో టర్మ్ ఫీజు కూడా తెచ్చి కట్టాలట. ఒత్తిడంటే ఏమిటో నాకు అక్కడే అవగాహన అయిపోయింది. అయినా వెళ్లాను.

గేటు దగ్గర ఫ్లెక్సీ. యజమాని గారు నిలువెత్తున నవ్వుతున్నారు. ఆయన కాళ్ల దగ్గర చిన్న అక్షరాల్లో ‘మనసు విప్పి మాట్లాడండి’ అని ఉంది. లోపల మాట్లాడింది మాత్రం ముఖ్య అతిథి ఒక్కరే, గంటా పది నిమిషాలు. ‘మా రోజుల్లో డిప్రెషనంటే బంగాళాఖాతంలోనే వచ్చేదండీ’ అన్నారు. వేదిక మీద అందరూ నవ్వారు. ‘మరీ ముదిరితే ఎర్రగడ్డ ఉండనే ఉంది’ అన్నారు. ఇంకా నవ్వారు. అరవై ఏళ్ల మనిషి మానసిక ఆరోగ్య సభలోనే ఆసుపత్రి పేరును తిట్టుగా వాడితే, పదహారేళ్ల పిల్ల ఆ ఆసుపత్రి గడప తొక్కుతుందా?

శాలువాలయ్యాక ‘ఎవరికైనా సందేహాలున్నాయా?’ అన్నారు, మర్యాదకి. వెనక వరసలో ఒక కుర్రాడు లేచాడు. ‘సార్, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. ఎవరికి చెప్పాలి?’ ఒక్క నిమిషం మైకు కూడా కిమ్మనలేదు. ‘ఫ్లోర్ ఇన్‌చార్జికి చెప్పు నాన్నా’ అన్నారు ప్రిన్సిపల్. వారం పరీక్షలో తక్కువ మార్కులొచ్చిన వాళ్ల పేర్లు మైకులో చదివేది ఆ ఇన్‌చార్జే. కుర్రాడు కూర్చున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, దాచడమెందుకు.

విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయొద్దంది. మా కాలేజీ రెంటినీ శిరసావహించింది. ఫిజిక్స్ లెక్చరర్ గది తలుపు మీద ‘కౌన్సెలర్’ అని స్టిక్కర్ అతికించింది. ఎ, బి, సి సెక్షన్లకు గంగ, యమున, గోదావరి అని పేర్లు మార్చింది. గోదావరిలో ఎవరున్నారో ఊరందరికీ తెలుసు.

కాలేజీలనే అని ఏం లాభం? మా తమ్ముడి ఆఫీసులో ‘వర్క్ లైఫ్ బ్యాలెన్స్’ మీద వెబినార్ పెట్టారు, శనివారం రాత్రి ఎనిమిదింటికి, హాజరు తప్పనిసరి. బాలింత ఏడిస్తే పండంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేమిటంటాం. భార్య పోయిన ముసలాయన అన్నం మానేస్తే రామకోటి పుస్తకం చేతికిస్తాం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఆ పదిమందీ మన ఇళ్లలో తప్ప ఎక్కడుంటారు? మనకేమో మనసు బాగాలేదని చెప్పేవాళ్లు కావాలి కానీ, చెప్పాక ఏం చెయ్యాలో మాత్రం అడక్కూడదు.

సభ అయ్యాక పిల్లలందరికీ ఆకుపచ్చ రిబ్బన్లు గుచ్చి, ఫొటోలు తీసి, గంట కొట్టారు. సదస్సుకు పోయిన రెండు గంటలూ రాత్రి స్టడీ అవర్‌లో కలిపేశారని మా అమ్మాయి చెప్పింది.

ఫ్లెక్సీ అడుగున ఒక ఫోన్ నంబరుంది. ఆ కుర్రాడికి పనికొస్తుందేమోనని బయటికొచ్చి చేశాను. వచ్చే ఏడాది అడ్మిషన్లు మొదలయ్యాయనీ, ముందు చేరితే ఫీజులో రాయితీ ఉందనీ చెప్పింది అవతలి గొంతు. అక్కడ ఉండాల్సిన నంబరు 14416. టెలి మానస్, ప్రభుత్వానిది. 2022 నుంచి నడుస్తోంది. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు తేడా లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.