పావు తక్కువ మూడు

మా ఆత్మకూర్ బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో పొద్దున ఆరున్నరకల్లా మూల బల్ల ఆయనది. అసలు పేరు అందరం మరిచిపోయాం. రేటింగన్న అంటే చాలు. శుక్రవారమైతే ముందున్న చాయ్ మీద మీగడ కట్టినా తాగడు. అమెరికాలో ముందురాత్రే ప్రీమియర్ పడుతుంది కదా, డల్లాస్‌లో ఉన్న బామ్మర్ది మెసేజ్ పెట్టాలి, అది చూసి ఈయన గొంతు సవరించుకోవాలి.

"ఫస్టాఫ్ ఓకే. సెకండాఫ్ లాగ్. పావు తక్కువ మూడు."

"చూసినవా అన్నా?" అంటాడు చాయ్ పోసే పిలగాడు.

"పైసల్ దండుగని చెప్తుంటే ఇంక చూసుడెందుకు రా?"

ఏ సినిమాకైనా అదే లెక్క. ఎందుకని ఒకసారి నేనే అడిగాను. "మూడిస్తే నా మాట నమ్మి పోతరు, నచ్చకపోతే నన్ను తిడ్తరు. రెండున్నర ఇస్తే ఫ్యాన్స్ కొడ్తరు. పావు తక్కువ మూడైతే ఎవనికీ ఏం సమజ్ కాదు" అన్నాడు. చదువుకున్న సమీక్షకులు కూడా ఇంత నిజాయితీగా చెప్పరు.

ఈ జబ్బు సినిమాతో ఆగలేదు. జూరాల గేట్లెత్తిన రోజు ఊరంతా ఎగబడి చూస్తుంటే, ఈయన నురగ వైపు చూసి "విజువల్స్ రిచ్, ఎమోషన్ మిస్" అన్నాడు. డ్యాం దగ్గర వేయించిన చేపకు "మసాలా ఓవర్" అని తీర్పిచ్చి, తలకాయ దాకా చీకి ముల్లు మాత్రం వదిలాడు.

ఒకప్పుడు రివ్యూ రాయాలంటే సినిమా చూడాల్సి వచ్చేది. గుడిపూడి శ్రీహరి లాంటివాళ్లు దశాబ్దాల తరబడి ఆ కష్టం పడ్డారు. అప్పుడైనా జనం విన్నది పక్కింటివాళ్ల మాటే. 1980లో శంకరాభరణం తొలి రోజుల్లో పల్చటి జనంతోనే ఆడింది. చూసొచ్చినవాళ్లు చూడనివాళ్లను తరిమితే హాళ్లు నిండాయి.

అలాగని రేటింగన్న మాటకు ఊళ్లో విలువ లేదనుకోకండి. "ఫ్యామిలీతోని చూడలేం" అంటే పోరగాళ్లు గద్వాల బస్సెక్కుతారు. "సెంటిమెంట్ ఎక్కువైంది" అంటే ఆడవాళ్లు ఆదివారం వంట పెందలాడే ముగించి వనపర్తికి బయల్దేరతారు. ఆయన తిట్టిన తిట్టును బట్టే ఎవరి సినిమా ఏదో తేలిపోతుంది.

2023 మార్చిలో బలగం వచ్చింది. "కాకి పిండం ముడ్తలేదని సినిమా తీసిన్రా? పావు తక్కువ మూడు" అనేసి చాయ్ అందుకున్నాడు.

ఆ వేసవిలో తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరుకు ఊరే కూర్చుని ఆ సినిమా చూసిన సంగతి తెలిసిందే. మా పక్క ఊళ్లోనూ పంచాయతీ ముందర కట్టారు. టికెట్ లేదు కాబట్టి రేటింగన్న అందరికంటే ముందొచ్చి చాప మీద కూర్చున్నాడు. మొదటి గంట పక్కవాడికి లోపాలు చెప్పాడు. చివర బుడగజంగాల పాట ఎత్తుకునేసరికి మాట ఆగింది. తిరిగి చూస్తే, తువ్వాల నోట్లో కుక్కుకుని భుజాలు ఎగిరిపడేలా ఏడుస్తున్నాడు. పక్కనున్న ముసలమ్మ వీపు నిమురుతోంది.

తెల్లారి హోటల్లో పిలగాడు ఊకుంటాడా? "ఏమే అన్నా, పెంచుతవా మరి?"

ఉబ్బిన కళ్లతోనే చాయ్‌లో బిస్కెట్ ముంచాడు రేటింగన్న.

"ఏడిపిచ్చుడు ఎక్కువైంది రా. గా పావు అందుకే కోసిన."