ఏ1 చాలు సార్!

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు ఒట్టి అమాయకులు. అశోక్‌నగర్ హాస్టళ్లలో నీళ్ల పప్పుచారు తాగుతూ ఏళ్లకేళ్లు గడిపేస్తారు. 2022లో గ్రూప్-1 నోటిఫికేషన్ పడితే ప్రిలిమ్స్ రెండుసార్లు పెట్టి రెండుసార్లూ రద్దు చేశారు. అయినా పుస్తకం మూయలేదు. ఒక్కసారి తలెత్తి మెట్రో పిల్లర్ మీద ప్రకటన కేసి చూసినా బతుకు మారిపోయేది. ముప్పై రోజుల్లో జర్మన్, గ్యారంటీ!

నారాయణగూడ నుంచి హైదర్‌గూడ దాకా గోడకో గ్యారంటీ. లోపలికెళ్తే ఏసీ గదిలో కౌన్సెలర్ గారు నవ్వుతూ చెబుతారు: "ఏ1, అంటే మొదటి మెట్టు, చాలు సార్, మిగతాది అక్కడికెళ్లాక అదే వస్తుంది." జర్మనీ వీసాకి చదువు పత్రాలు నిజమని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్, ఖర్చులకని బ్లాక్డ్ అకౌంట్లో 11,904 యూరోలు, వాటి వెనకాల భాష. అదీ ఫైల్లో పెట్టే కాగితమే. జిరాక్స్ తీసి పిన్ను కొడితే జర్మన్ వచ్చేసినట్టే.

జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్లకి ఈ వేగం చేతకాదు. నాలుగో మెట్టు బీ2 అందుకోవాలంటే 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 దాకా పడతాయంటారు. జర్మనీ ఆస్పత్రుల్లో నర్సుగా గుర్తింపు కావాలంటే మామూలుగా ఆ బీ2 దాకా రావాల్సిందే. ఎం.ఎస్. కుర్రాడికి మాత్రం అక్కర్లేదట, కోర్సు ఇంగ్లిష్‌లో ఉంది కదా! ఇంటి ఓనరూ, జ్వరమూ, కరెంటు బిల్లూ కూడా ఇంగ్లిష్ మీడియమే అన్నమాట.

అక్కడికెళ్లాక వాటంతటవే వచ్చేవి ఉత్తరాలు. గదిలో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. కౌంటర్ వెనక మనిషి జర్మన్‌లోనే మాట్లాడితే తిట్టుకుని లాభం లేదు. పాలనా భాష జర్మన్ అని వాళ్ల పరిపాలనా విధాన చట్టంలో 23వ సెక్షన్ చెబుతోంది. నమోదైన కొన్నాళ్లకి రేడియో, టీవీ రుసుము కవరు వస్తుంది, ఇంటికి నెలకు 18.36 యూరోలు. "మన రూంలో టీవీయే లేదు కదరా" అని మనవాడు దాన్ని ఫ్రిజ్ మీద పడేస్తాడు. టీవీ ఉన్నా లేకపోయినా కట్టాలి. ఆ సంగతి వాళ్లు చక్కగా రాసే పంపుతారు, జర్మన్‌లో. తర్వాతి కవర్లో ఆలస్య రుసుము.

ఫోన్లో యాప్ ఉందిగా అంటారా? ఉంది. కవరు ఫొటో తీస్తే చదివిపెడుతుంది కూడా. పంటి నొప్పితో డాక్టరుకి ఫోన్ చేసినప్పుడు, గడగడా మాట్లాడేస్తున్న రిసెప్షనిస్టుని ఫొటో తీయడం కుదరదు.

"అసలు జర్మన్లు మనల్ని మాట్లాడనివ్వరండీ, రెండు ముక్కలు అనగానే ఇంగ్లిష్‌లోకి దిగిపోతారు" అని అక్కడున్న మనవాళ్ల గోల. మరి మనమేం చేస్తున్నాం? హైదర్‌గూడ సందులో పానీపూరీ బండి బిహారీ కుర్రాడు "కారం ఎక్కువా, తక్కువా అన్నా?" అని శుభ్రమైన తెలుగులో అడిగితే, "థోడా తీఖా బనావో భయ్యా" అంటాం. మన హిందీ దాడిని తట్టుకుని కూడా తెలుగు నేర్చుకున్నాడు మహానుభావుడు. ఏ కోచింగూ లేదు. చిల్లర దగ్గర పోట్లాడాలి, బండి తీయమనే కానిస్టేబుల్‌ని బతిమాలాలి, నోరు తిరగక ఏం చేస్తుంది? జర్మనీలో మనవాడికి ఆ అవస్థ రాకుండా మనవాళ్లే చూసుకుంటారు. రూంలో నలుగురూ తెలుగువాళ్లే, వాట్సాప్ గ్రూపు తెలుగే, ఇండియన్ స్టోర్లో గోంగూర పచ్చడీ దొరుకుతుంది. రెండు, మూడేళ్లకి డిగ్రీ చేతికొస్తుంది. ఉద్యోగ ప్రకటన తెరిస్తే 'జర్మన్ బీ2 తప్పనిసరి' అని ఉంటుంది. ఆ ఒక్క ముక్క చదవడానికి ఏ1 నిజంగానే చాలు.

ఫీజు కట్టబోయేవాళ్లు ఒక్క పని చేయండి. ఆ జర్మన్ మాస్టారి చేత మీ ఎదుటే, స్పీకర్ పెట్టించి, బెర్లిన్‌లో ఎవరో ఒక ఇంటి ఓనరుకి ఫోన్ చేయించండి. గది ఖాళీ ఉందా, అద్దెలో హీటింగ్ కలిపారా లేదా, ఈ రెండే ప్రశ్నలు అడగాలి. మాస్టారికి ఆ రోజు తప్పకుండా గొంతు నొప్పి ఉంటుంది.