గొలుసు రెండో కాపురం

ఈ గొలుసు పుట్టింది ఇక్కడ వేలాడటానికి కాదు. లండన్‌లో థేమ్స్ నది మీద, హంగర్‌ఫర్డ్ మార్కెట్ దగ్గర, నడిచేవాళ్ల కోసం 1845లో తెరిచిన వంతెనది ఇది. ఇప్పుడు ఉంటున్నది ఇంగ్లండ్ నైరుతి మూలన, బ్రిస్టల్ నగరంలో, ఏవన్ నది సున్నపురాతి కొండను నిలువునా కోసుకుపోయిన గండి మీద. పేరు క్లిఫ్టన్ సస్పెన్షన్ బ్రిడ్జి. నది నిండు పోటు మీద ఉన్నప్పుడు కూడా కింద 245 అడుగుల ఖాళీ ఉంటుంది. తన కథ చెప్పుకునేటప్పుడు ఈ గొలుసు 'నేను' అనదు. అనడానికి ఒక్క ముక్కయితే కదా! సుమారు 4,200 ఇనుప కడ్డీలు, కొన్ని లండన్‌వి, కొన్ని తర్వాత వచ్చి కలిసినవి. ఇంతమంది తరఫున మాట్లాడేటప్పుడు 'ఈ గొలుసు' అనుకోవడమే మర్యాద.

అసలు ఈ చోట మొదట ఇనుము ఊసే లేదు. విలియం విక్ అని బ్రిస్టల్‌లో ఒక వైన్ వర్తకుడు ఉండేవాడు. 1754లో పోతూ పోతూ వీలునామాలో 1,000 పౌండ్లు విడిగా రాసిపెట్టాడు. వడ్డీ మీద వడ్డీ పెరిగి అది 10,000 అయ్యాక ఈ గండి మీద రాతి వంతెన కట్టాలి, దాటేవాళ్ల దగ్గర పైసా తీసుకోకూడదు. మనసు మంచిదే, లెక్కే కుదరలేదు. 1829 నాటికి ఆ సొమ్ము 8,000 పౌండ్లకు చేరితే, రాతితో కట్టడానికి 90,000 పైచిలుకు అవుతుందని తేలింది. దాంతో 1830లో పార్లమెంటు చట్టం చేసి విక్ పెట్టిన రెండు షరతుల్నీ పక్కన పెట్టింది. రాయి బదులు ఇనుముతో వేలాడే వంతెన కట్టుకోవచ్చు, ఖర్చు రాబట్టుకోవడానికి టోల్ వసూలు చేసుకోవచ్చు. పైసా వద్దన్న మనిషి డబ్బుతో మొదలైన వంతెన పుట్టకముందే టోల్ వంతెన అయింది.

నమూనాల కోసం పోటీ పెడితే 22 వచ్చాయి. న్యాయనిర్ణేతగా పిలిచిన థామస్ టెల్‌ఫోర్డ్ వాటిలో ఒక్కటీ పనికిరాదని చెప్పి, తన సొంత నమూనా ఒకటి తెచ్చి ముందు పెట్టాడు! ఆయన గొప్ప ఇంజినీరు, సందేహం లేదు. అయినా ఆ పెద్దరికం బ్రిస్టల్ వాళ్లకు మింగుడుపడలేదు. మళ్లీ పోటీ పెట్టారు. 1831లో గెలిచినవాడు ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్. అప్పటికి అతని వయసు 24.

1831 జూన్‌లో పని మొదలైంది. అక్టోబరులో ఓటు సంస్కరణల మీద రేగిన గొడవ బ్రిస్టల్‌లో పెద్ద అల్లర్లయ్యేసరికి డబ్బు పెట్టేవాళ్లు వెనక్కి తగ్గారు. 1836లో మళ్లీ శంకుస్థాపన. ఈ కొండ నుంచి ఆ కొండకు ఒక పొడవాటి ఇనుప కడ్డీ లాగి కట్టి, దానికి బుట్ట తగిలించి, మనుషుల్నీ సామాన్లనీ అటూ ఇటూ పంపేవాళ్లు. ఒకసారి బ్రూనెల్ ఎక్కిన బుట్ట నడిమధ్యలో ఇరుక్కుంటే, తనే పైకి పాకి కప్పీ విడిపించుకున్నాడని చెబుతారు. 1843 వచ్చేసరికి రెండు గోపురాలు లేచాయి, ఖజానా ఖాళీ అయింది. గోపురాల మీద ఈజిప్టు స్ఫింక్స్‌లను కూర్చోబెట్టాలని అతని ముచ్చట. అవి ఈనాటికీ రాలేదు.

అప్పులవాళ్లు ఊరుకుంటారా? ఈ వంతెన కోసమే చేయించి పెట్టిన గొలుసులు అమ్ముడుపోయాయి. అవి వెళ్లి సాల్టాష్ దగ్గర టేమర్ నది మీద బ్రూనెల్ కట్టిన రాయల్ ఆల్బర్ట్ రైలు వంతెనలో కుదురుకున్నాయి. 1859లో ఆ వంతెన తెరిచారు. అదే ఏడాది సెప్టెంబరులో, 53 ఏళ్లకే బ్రూనెల్ కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది లండన్‌లో ఛేరింగ్ క్రాస్ స్టేషన్‌కు రైలు దారి కావాల్సి వచ్చి హంగర్‌ఫర్డ్ వంతెనను పీకేశారు. అదీ బ్రూనెల్ కట్టిందే. అక్కడ కొత్త రైలు వంతెన కట్టే పనిలో ఉన్న జాన్ హాక్‌షాకు క్లిఫ్టన్‌లోని మొండి గోపురాలు గుర్తొచ్చాయి. 5,000 పౌండ్లకు బేరం కుదిరింది. కుండమార్పు పెళ్లిళ్లు ఎరిగిన తెలుగువాళ్లకు ఈ వరస విడమర్చి చెప్పక్కర్లేదు: ఇక్కడి పిల్ల సాల్టాష్‌కు, లండన్ పిల్ల ఇక్కడికి, పుట్టిల్లు మాత్రం అందరికీ బ్రూనెల్‌దే.

తోటి ఇంజినీర్లకు ఇది బ్రూనెల్ స్మారకం. హాక్‌షా, విలియం హెన్రీ బార్లో కలిసి పాత నమూనాను సరిదిద్దారు. పక్కకు రెండేసి గొలుసులు అనుకున్నచోట మూడేసి పెట్టారు. లండన్ సరుకు చాలక కొత్త కడ్డీలు చేయించారు. 1862లో పని మొదలైంది. గండికి అడ్డంగా తీగతాళ్లు లాగి, వాటి మీద చెక్కలు పరిచి, ఆ ఊగే బాట మీద నిలబడి మనుషులు ఒక్కో కడ్డీనీ చేరుస్తూ పోయారు.

దగ్గరికొచ్చి ఎవరూ చూడరు గానీ, ఈ గొలుసు తన ఒంట్లో చూపించుకోదగ్గది అతుకులనే అంటుంది. ఒక్కో కడ్డీ పొడవు 24 అడుగులు. పక్కపక్కన పేర్చిన కడ్డీల కొసల కళ్లలోంచి లావాటి ఇనుప మేకు దూర్చి, తర్వాతి వరసను దానికి తగిలిస్తారు. మూడు గొలుసులూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అతుకులు మాత్రం ఒకేచోట పడవు. అందుకే 8 అడుగులకొక ఊచ కిందికి దిగుతుంది: ఒకటి పై గొలుసు అతుకు నుంచి, తర్వాతిది నడిమి దాన్నుంచి, ఆ తర్వాతిది అడుగు దాన్నుంచి. పక్కకు 81 చొప్పున మొత్తం 162 ఊచలు. గోపురం దగ్గర ఒక్కోటి 65 అడుగులుంటే, నడిమధ్యకొచ్చేసరికి 3 అడుగులే. గోపురాల తలల మీద గొలుసును కట్టేయలేదు. రోలర్ల మీద కూర్చున్న జీనుల్లాంటి దిమ్మెల మీదుగా పోనిచ్చారు. ఎండకు సాగినా, బరువుకు గుంజినా దిమ్మె కాస్త జరుగుతుంది, గోపురాన్ని పక్కకు గుంజదు.

తెరిచేముందు 500 టన్నుల రాళ్లు పరిచి పరీక్షించారు. నడుము 7 అంగుళాలు దిగింది. దిగాల్సిందే అంతేనని ఇంజినీర్లు తలూపారు. 1864 డిసెంబరు 8న పండగలా తెరిచారు. మెగ్నీషియం దీపాలు వెలిగిస్తే గండిలో గాలి వాటిని ఆర్పేసింది. ఈ గాలి సంగతి ముందే ఈ గొలుసును అడిగుంటే చెప్పేది.

చూడటానికి వచ్చేవాళ్లకు రోజు మొత్తంలో ఒకే నది కనిపించదు. ఏవన్ వెళ్లి కలిసే సెవర్న్ సముద్రపు పాయలో ఆటుపోట్లు ప్రపంచంలోనే పెద్దవాటిలో లెక్క. ఏవన్ ముఖద్వారం దగ్గర పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 12 మీటర్లు దాటుతుంది. పొద్దున వచ్చినవాళ్లు గోధుమరంగు నీళ్లు ఒడ్డు నిండా చూస్తే, మధ్యాహ్నం వచ్చినవాళ్లకు రెండు పక్కలా మెరిసే బురద గట్లు, మధ్యలో సన్నటి కాలవ. రాతి పగుళ్లలో బ్రిస్టల్ వైట్‌బీమ్ చెట్లుంటాయి. ఈ గండి పరిసరాల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగవవి. కొండ అంచుల్లో డేగజాతి పెరిగ్రిన్లు గూడు పెడతాయి.

కాలిబాట మీద అన్ని భాషలూ వినబడతాయి. ఓ సాయంత్రం జమ్మలమడుగు మనుషులు వచ్చారు, ఇక్కడ ఉద్యోగం చేసే కొడుకు వెంట.

"గండికోట మాదిరే ఉంది గదరా. ఆడ పెన్నా, ఈడ ఇదీ."

"అవును నాయనా. ఆడ రాయి ఎర్రగుంటది, అంతే."

"దాటితే దుడ్లు కట్టల్లనా?"

"నడిచిపోతే ఏం లేదు నాయనా, సైకిలుకూ లేదు. కారుకు ఒక పౌండు."

"ఒక పౌండంటే నూరు రూపాయలపైనే కదా!" అంది తల్లి. కారు ఇవతలే ఆపి వచ్చినందుకు సంతోషించింది.

ఆ పౌండు 2014 నుంచి ఉంది. అంతకుముందు 50 పెన్నీలు. ఏటా సుమారు 40 లక్షల వాహనాలు దాటుతాయి, 4 టన్నులకు మించిన బండికి దారి లేదు. వసూలు చేసేది ప్రభుత్వం కాదు, వంతెనను నడిపే ధర్మకర్తల సంస్థ. రంగు వేయడం, ఊచలు పరీక్షించడం, దీపాలు మార్చడం అన్నీ ఆ డబ్బుతోనే. విక్ కోరిక నడిచేవాళ్ల వరకైతే నేడు నెరవేరుతున్నట్టే. కారువాళ్లు గొణుక్కుంటూ కడతారు. 2009 ఏప్రిల్‌లో ఒక ఊచ దగ్గర పగులు కనబడితే ఒక రాత్రంతా వంతెన మూసి బాగుచేశారు. గొణిగిన పౌండ్లు పనికొచ్చేది అలాంటి రాత్రులకే.

అల్లరి పనులకూ కొదవలేదు. 1957లో ఒక వైమానిక దళ పైలట్ జెట్ విమానాన్ని వంతెన కిందుగా నడిపి, అవతల కొండను ఢీకొని చనిపోయాడు. 1979 ఏప్రిల్ 1న ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేంజరస్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రబ్బరు తాడు కట్టుకుని ఇక్కణ్నుంచే దూకారు. నేటి బంగీ జంపింగ్‌కు అదే మొదలంటారు. 2003 నవంబరు 26న కాంకార్డ్ విమానం తన ఆఖరి ప్రయాణంలో పై నుంచి వెళ్లింది. అది ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టేది జనమే. బ్రిస్టల్ బెలూన్ పండగ చూడటానికి వంతెన మీద కిక్కిరిసి నిలబడితే ఆ బరువు కార్ల బరువుకన్నా ఎక్కువవుతుంది. అందుకే ఆ రద్దీ వేళల్లో నడిచేవాళ్లను కూడా ఆపేస్తున్నారు.

నదికి అవతల, లీ వుడ్స్ అడవి వైపు గోపురం 110 అడుగుల ఎర్ర ఇసుకరాతి దిమ్మె మీద నిలబడి ఉంది. లోపలంతా గట్టి రాయేనని అందరూ అనుకునేవాళ్లు. 2002లో నేల కింద చిన్న బిలం బయటపడితే, దాంట్లోంచి దిగి చూశారు. 12 కమాను గదులు! కొన్నిటి ఎత్తు 11 మీటర్లు. పైనుంచి ఊరిన నీటికి సున్నం గడ్డకట్టి సన్నటి గొట్టాల్లా వేలాడుతోంది. ఇప్పుడు హెల్మెట్లు పెట్టి సందర్శకుల్ని లోపలికి తీసుకెళుతున్నారు. గొలుసు కొసలు చూపించమని అడిగితే మాత్రం కుదరదు. అవి రెండు వైపులా 82 అడుగుల సొరంగాల్లో, కొండ లోపల ఉన్నాయి. సొరంగం నోరు సన్నం, లోపలి అడుగుభాగం వెడల్పు. అడుగున గొలుసు చుట్టూ నీలం ఇటుకలు గట్టిగా కట్టేశారు. గొలుసు బయటికి రావాలంటే ఆ ఇటుకల దిమ్మంతా సన్నటి నోట్లోంచి రావాలి, పట్టదు.